బిర్యానీ ఆకు చెట్టు కోసం కడియపులంక

రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు వెళ్తుంటే, వేమగిరి దాటగానే పదహారో నంబరు జాతీయ రహదారికి రెండు పక్కలా మొక్కలే. కడియపులంక, పొట్టిలంక, బుర్రిలంక, వీరవరం, జేగురుపాడు... ఊళ్ల పేర్లు మారుతుంటాయి గానీ నర్సరీ బోర్డులకు మాత్రం తెంపు ఉండదు. నల్ల ప్యాకెట్లలో బారులు తీరిన మొక్కలు, వాటిమీద ఆకుపచ్చ షేడ్‌నెట్, గేటు దగ్గర లోడు ఎక్కించుకుంటున్న లారీ. కడియం మండలం నుంచి మొక్క ఎంత దూరం పోతుందో ఆ లారీల నంబరు ప్లేట్లు చూస్తే తెలిసిపోతుంది. ఒకప్పుడు పూలతోటలు, పండ్ల అంట్లతో మొదలైన పని ఇది. పల్ల వెంకన్న పెంచిన శ్రీ సత్యనారాయణ నర్సరీ లాంటివి ఆ పనిని ఇతర రాష్ట్రాలవాళ్లు వెతుక్కుంటూ వచ్చే వ్యాపారంగా మార్చాయి.

నేను వెళ్లింది మాత్రం లారీ లోడు కోసం కాదు, రెండే రెండు మొక్కల కోసం. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఉంటున్న మా అన్నయ్య కూతురు ఒక ఫొటో పంపింది. వాళ్ల గుమ్మానికి అటొకటి ఇటొకటి పెద్ద కుండీలు. ఒక్కొక్క దాంట్లో నిటారుగా ఒకే కాండం, పైన గుండ్రంగా కత్తిరించిన ఆకుల గుబురు. ‘‘బాబాయ్, ఇది బే లారెల్. కత్తిరించినప్పుడల్లా వచ్చిన ఆకుల్ని ఎండబెట్టి పలావులో వేస్తున్నా. నాన్నావాళ్ల వాకిట్లో కూడా ఇలాంటివి రెండు పెట్టించవా’’ అని రాసింది. అన్నయ్యావాళ్లది రామచంద్రపురం పక్కన పల్లె. వాకిలికి అందం, వంటకి ఆకు, రెండూ ఒకే చెట్టు ఇస్తానంటే ఎవరికి చేదు?

మొదట ఆగిన నర్సరీలో ‘‘బిర్యానీ ఆకు మొక్క ఉందాండీ?’’ అని అడిగాను.

‘‘ఆయ్, ఉందండి. ఏ బిర్యానీ ఆకు కావాలండి?’’ అన్నాడాయన.

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఆయన నవ్వి, ‘‘మూడు రకాలున్నాయండి మన దగ్గర. అందరూ ఒకటే పేరు చెబుతారు. వాసన చూపించి అప్పుడు ఇస్తాం. లేకపోతే ఇంటికెళ్లాక ఫోన్ చేసి తిడతారండి’’ అంటూ లోపలికి దారి తీశాడు.

మొదటిది నేల మీద పొదలా ఉంది. పొడుగాటి, సన్నటి, నున్నటి ఆకులు. ఇది పాండన్. కోనసీమ సముద్రతీరంలో ఇసుక దిబ్బల మీద పెరిగే మొగలికి దగ్గరి చుట్టం, కాకపోతే దీనికి మొగలి పువ్వు లాంటి పువ్వూ లేదు, ఆ ముళ్లూ లేవు. ఆకు కొస తుంపి నలిపితే ముందు పచ్చి గడ్డి వాసనే వస్తుంది. వేడి అన్నం మీద వేస్తేనే దాని సంగతి తెలుస్తుంది: సాదా బియ్యం కూడా బాస్మతిలా ఘుమఘుమలాడుతుంది. బాస్మతికి ఆ వాసన తెచ్చే 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థమే ఈ ఆకులోనూ ఉంది. ఆగ్నేయాసియా వంటల్లో దీన్ని విరివిగా వాడతారు. నీళ్లంటే దీనికి ప్రాణం కాబట్టి మన వైపు పెరట్లో కుళాయి పక్కన పెట్టినా బతికేస్తుంది. మంచి మొక్కే, కానీ మా అమ్మాయి అడిగింది ఇది కాదు.

రెండోది నా ఎత్తు చెట్టు. బెరడు జామ చెట్టు బెరడులా నున్నగా, పొరలు పొరలుగా ఊడుతోంది. ‘‘సర్వసుగంధి అండి’’ అన్నాడు. ఆకు నలిపితే లవంగం, దాల్చినచెక్క, జాజికాయ మూడూ కలిసి కొట్టినట్టుంది. ఇంగ్లీషువాళ్లు ఆల్‌స్పైస్ అనే ఈ చెట్టు పుట్టిల్లు జమైకా, మధ్య అమెరికా. జామ, నేరేడు, లవంగం కుటుంబానిదే. అక్కడ దాని ఎండుకాయ మసాలా దినుసు. ఇక్కడ కాయ కాస్తుందా అని అడిగితే, ‘‘కాయతో పనేముందండి, ఆకు కోసమేగా’’ అని ఊరుకున్నాడు.

మూడోది దాల్చిన జాతి. లేత చిగుళ్లు ఎర్రగా, ముదురు ఆకులు దళసరిగా నిగనిగలాడుతూ ఉన్నాయి. ఆకును వెలుగుకి ఎత్తి చూపించాడు. తొడిమ దగ్గర బయల్దేరిన మూడు ఈనెలు ఆకు కొసదాకా పక్కపక్కనే పోతున్నాయి. ‘‘ఇదిగోండి, మీరు కిరాణా కొట్లో కొనేది ఈ కుటుంబంలోదే. మూడు గీతలుంటే ఇది. మధ్యలో ఒకటే గీత ఉండి, దాన్నుంచి పక్కలకి చిన్నచిన్న గీతలు పోతే అది ఫారిన్‌ది.’’

నిజానికి గుర్తుపట్టడానికి ఇంతకంటే తేలిక పద్ధతి లేదు. మన కొట్లలో బిర్యానీ ఆకుగా అమ్మేది ఎక్కువగా హిమాలయాల దిగువ కొండల నుంచి, మేఘాలయ, అస్సాం వైపు నుంచి వస్తుంది. హిందీవాళ్ల తేజ్‌పత్తా, మన పాత పుస్తకాల్లో ఆకుపత్రి అదే. ఉత్తరాఖండ్ తేజ్‌పత్తాకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బే లారెల్ మధ్యధరా సముద్రం చుట్టుపక్కల చెట్టు. రెండూ ఒకే పెద్ద కుటుంబం, దాల్చిన కుటుంబం. కర్పూరం చెట్టు, అవకాడో కూడా అందులోవే. మన మారేడుమిల్లి, రంపచోడవరం అడవుల్లో అగరుబత్తీల జిగురు కోసం బెరడు తీసే నరమామిడి కూడా వీటి చుట్టమే. అయితే చుట్టరికం వేరు, వాసన వేరు. తేజ్‌పత్తా దాల్చినచెక్కనీ లవంగాన్నీ గుర్తు చేస్తుంది. లారెల్ ఆకులో యూకలిప్టస్ తైలంలో ఉండే సినియోల్ ఎక్కువ, అందుకే అది నీలగిరి తైలం వైపు మొగ్గుతుంది. కోడి పలావులో లారెల్ వేస్తే తప్పు లేదు గానీ, మన నాలుక ఎదురుచూసే రుచి అది కాదు.

ఇక్కడో పాత సంగతి చెప్పాలి. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’ అనే సముద్రయాన గ్రంథంలో మన ఈ ఆకు ఉంది, మలబాత్రం అనే పేరుతో. చైనా సరిహద్దు దగ్గర కొండజనం దీన్ని సేకరించే తీరును కూడా ఆయన వర్ణించాడు. దక్షిణాది రేవుల్లో ఓడలకెక్కి ఈ ఆకు రోమ్‌ దాకా పోయేది. అదే పుస్తకంలో మసాలియా అని మన కృష్ణా గోదావరి తీరం ప్రస్తావనా ఉంది, సన్నటి నేతబట్టలకు పేరున్న చోటుగా. రోమన్ల పెరట్లో లారెల్ చెట్టు కోకొల్లలు. అపోలో దేవుడి చెట్టని పూజించేవారు, డెల్ఫీ ఆటల్లో గెలిచినవాడికీ యుద్ధం గెలిచొచ్చిన సేనానికీ దాని దండే కట్టేవారు. అయినా వాళ్ల వంటల పుస్తకం అపీసియస్‌లో మన ఆకు వేసే వంటలున్నాయి. ఎక్కడో కొండల్లో కోసిన ఆకును బంగారం పోసి కొన్నారు. ఇప్పుడు మనం వాళ్ల చెట్టు కోసం వెతుక్కుంటున్నాం. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

అసలు లారెల్ మరో నర్సరీలో దొరికింది. దిగుమతి మొక్కలకి విడిగా కట్టిన షెడ్డులో, పెద్ద కుండీలో ఉన్న ఆలివ్ చెట్టు పక్కన, చిన్న కుండీల్లో కొన్ని ఉన్నాయి. ఎత్తు మోకాలి దాకా. ముదురాకుపచ్చ ఆకు, అంచు కొద్దిగా అలలు తిరిగి ఉంది. మధ్య ఈనె ఒకటే. నలిపితే ఘాటు వాసన నేరుగా ముక్కుకెక్కింది.

‘‘ఇవి ఇక్కడ బతుకుతాయాండీ?’’ అన్నాను.

అక్కడ మొక్కలు చూసుకునే పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, ‘‘అమ్మేవాణ్ణి నేను కదండీ, బతుకుతుందనే చెప్పాలి. నిజం చెప్పమంటారా?’’ అన్నాడు.

చెప్పమన్నాను. ఆయన చెప్పిందీ, ఆ తర్వాత నేను చదివి సరిచూసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

మధ్యధరా ప్రాంతంలో వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా ఉంటుంది. మన దగ్గర అంతా తిరగబడి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండ, పైన ఉక్కపోత. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు, ఆ చివర్లో తుపాన్లు. ఒండ్రు నేల, పైన మట్టం దాకా నీళ్లు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి కాలువ నీళ్లు ఈ నేలకి సిరి తెచ్చిపెట్టాయి. వరికి, కొబ్బరికి, అరటికి వరమైన ఆ తడే లారెల్ వేరుకి శత్రువు. నిలువ నీటిలో వేరు కుళ్లితే పైన ఆకు ఎండేదాకా తెలియదు, తెలిసేసరికి చెట్టు ఉండదు. మన డెల్టాలో దీన్ని నేలలో నాటడం అంటే డబ్బు కాలువలో పోసుకోవడమే. కుండీలోనే పెంచాలి.

కుండీ కూడా ప్లాస్టిక్ కంటే మట్టిది మేలు, కింద పెద్ద కన్నం ఉండాలి, అడుగున రెండు ఇటుకలు పెట్టి నేలకి ఎత్తుగా ఉంచాలి. మట్టి మిశ్రమంలో సగం ఎర్రమట్టి, మిగతా సగంలో దొడ్డు ఇసుక, బాగా మాగిన గెత్తం. కొబ్బరి పొట్టు ఇక్కడ చవక, నర్సరీల్లో అన్నిటికీ అదే, కానీ లారెల్‌కి ఎక్కువ వేస్తే తడి పట్టుకుని కూర్చుంటుంది. గోదారి ఇసుక ఉండగా దానికేం తక్కువ? పైన రెండంగుళాల మట్టి పొడి అయ్యాకే నీళ్లు. వేసవిలో పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం నీడ ఉండాలి. వానాకాలం వస్తే కుండీని చూరు కిందకి జరపాలి, అంటే మోసి జరపగలిగేంత కుండీయే పెట్టుకోవాలి. ఇది చాలామంది మర్చిపోయే విషయం.

ఎదుగుదల మహా నెమ్మది. కొమ్మ కత్తిరింపులు వేళ్లు పోసుకోవడానికే నెలలు పడుతుంది. కడియంలో ఏ కొమ్మ గుచ్చినా మొలుస్తుందని పేరు. అలాంటి చోట కూడా దీన్ని తయారుచేసి అమ్మడం కంటే బయటినుంచి తెప్పించి అమ్మడమే గిట్టుబాటు అన్నాడు పెద్దాయన. పురుగుల్లో పొలుసు పురుగు పెద్ద తలనొప్పి. ఆకు వెనక, ఈనె వెంబడి గోధుమరంగు చుక్కల్లా అతుక్కుని రసం పీలుస్తుంది. అది కార్చే జిగురు మీద నల్ల మసి కమ్ముతుంది. కొద్దిగా ఉన్నప్పుడే సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచేస్తే సరిపోతుంది.

మరి మా అమ్మాయి ఫొటోలోని గుండ్రటి తల? ఆ పని కడియానికి కొత్త కాదు. షెడ్డు బయట ఫైకస్ చెట్లని బంతులుగా, మూడంతస్తులుగా, పాములా మెలికలుగా కత్తిరించి నిలబెట్టారు. కాగితంపూల చెట్టుని గొడుగులా దించారు. నూరువరహాలు, గోల్డెన్ డురాంటా గోడల్లా చదును చేశారు. కొత్త సంవత్సరానికి, ఆగస్టు పదిహేనుకి చిన్న మొక్కల ప్యాకెట్లు పేర్చి పెద్దపెద్ద అక్షరాలూ బొమ్మలూ చేసే ఊరిది. ఒక కుర్రాడు నిచ్చెన మీద నిలబడి కత్తెర ఆడిస్తున్నాడు. కింద ఇద్దరు ఆడవాళ్లు రాలిన కొమ్మలు ఏరి బుట్టకెత్తుతున్నారు. లారెల్‌కీ పద్ధతి ఇదేనట: నిటారు కొమ్మ ఒకటి ఎంచి వెదురుపుల్లకి కట్టి, కింది పక్క కొమ్మలు తీసేస్తూ పోయి, కావలసిన ఎత్తు రాగానే తల తుంచాలి. ఆ తర్వాత తుంచిన చోటల్లా రెండేసి చిగుళ్లు వస్తాయి, వాటినీ తుంచాలి. తల గుండ్రంగా నిండేసరికి ఏళ్లు గడుస్తాయి. ఒక్క తేడా ఉంది. డురాంటాని పెద్ద కత్తెరతో గొరిగేయొచ్చు. లారెల్ ఆకు పెద్దది, అలా గొరిగితే సగం తెగిన ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగి అసహ్యంగా ఉంటాయి. చేతి కటర్‌తో కొమ్మ కొమ్మగా, ఆకు తెగకుండా కోయాలి. కోసినదంతా వంటింటికి.

వంటింటికి అనగానే బుట్ట పట్టుకున్న ఆవిడ తలెత్తింది. ‘‘బాబుగారూ, ఇక్కడ కొన్న మొక్క ఆకు ఇంటికెళ్లిన రోజే కూరలో వేసుకోకండి. మందు కొడతారండి వీటికి.’’

ఇంత ముఖ్యమైన మాట ఆ రోజు ఇంకెవరూ చెప్పలేదు. నర్సరీలో మొక్క అందంగా కనిపించడానికి పురుగుమందులు, తెగుళ్ల మందులు కొడతారు. పూలమొక్కకైతే ఫర్వాలేదు. ఆకు తినే మొక్క కొంటే, పాత ఆకులన్నీ వదిలేసి, మన ఇంట్లో కొత్త చిగుళ్లు వచ్చి అవి ముదిరాకే వంటకి కోయాలి. కొన్ని నెలలు ఓపిక పట్టాలి. మా అమ్మాయికి కూడా ఈ సంగతి రాశాను.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మన వైపు ప్రతి పెరట్లో గన్నేరు ఉంటుంది. దేవుడికి పూలు, వినాయకచవితి పత్రిలో కరవీరం అదే. ఆకు ముదురాకుపచ్చ, దళసరి, మధ్య ఈనె ఒకటే. లారెల్ ఎప్పుడూ చూడనివాళ్లు దూరం నుంచి పొరబడొచ్చు. గన్నేరు ప్రతి భాగమూ విషం, ప్రాణాంతకం. తేడా తేలిక: గన్నేరులో కణుపుకి మూడేసి ఆకులు చుట్టూ వస్తాయి, లారెల్‌లో ఒకటి తర్వాత ఒకటి. గన్నేరు ఆకు నలిపితే మసాలా వాసన ఏమీ రాదు. వాసన లేని ఆకు వంటలోకి పోకూడదు, అంతే. ఇంట్లో రెండూ ఉంటే పక్కపక్కన పెట్టకపోవడం ఇంకా మంచిది.

ఆకు కోయడానికీ ఒక వరస ఉంది. లారెల్‌దైనా తేజ్‌పత్తాదైనా లేత ఆకు కాకుండా ముదురు ఆకే కోయాలి. పచ్చి లారెల్ ఆకు కొంచెం చేదు. నీడలో, గాలి ఆడే చోట వారం పది రోజులు ఎండితే చేదు తగ్గి వాసన కుదురుకుంటుంది. ఎండలో పెడితే రంగూ పోతుంది, నూనే పోతుంది. ముడుచుకోకుండా పైన ఒక పీట బరువు పెట్టి, ఎండాక మూత గట్టి డబ్బాలో చీకట్లో ఉంచుకోవాలి. వడ్డించే ముందు ఆకు ఏరేయాలి. ఎంత ఉడికినా మెత్తబడదు, పిల్లల గొంతుకి అడ్డం పడుతుంది.

ఇంత విన్నాక నా లెక్క నాకు తేలిపోయింది. మా అన్నయ్యావాళ్ల వాకిలి పడమటి ముఖం, మధ్యాహ్నం ఎండ అంతా అక్కడే. కుండీని ఏడాదికి రెండుసార్లు లోపలికీ బయటికీ మోసే ఓపిక డెబ్భై దాటిన అన్నయ్యకి లేదు. ఫొటో కోసం లారెల్ కొనివ్వడం వాళ్లకి పని పెట్టడమే. డెల్టాలో వంటకోసమైతే దాల్చిన జాతి మొక్కే పెంచాలి. తేజ్‌పత్తా కొండచెట్టు, చల్లదనం అడుగుతుంది. దాని చెల్లెలు దాల్చిన మాత్రం తీరప్రాంతపు ఉక్కకి, వానకి అలవాటు పడ్డదే. శ్రీలంక, కేరళ దాని ఇల్లు. దాల్చినలో ఒక వింత ఉంది: బెరడు దాల్చినచెక్క వాసన, ఆకు లవంగం వాసన, వేరు బెరడు కర్పూరం వాసన. చెక్క తీయడం మనకి చేతకాకపోయినా ఆకు చాలు, పలావుకి చక్కగా సరిపోతుంది. కోనసీమలో కొబ్బరి చెట్ల నీడన కోకో, మిరియాలు పెంచే రైతులకి ఇలాంటి సుగంధ చెట్లు కొత్త కాదు. పైగా దాల్చిన కత్తిరింపుకి లొంగుతుంది. తోటల్లో దాన్ని నరికి నరికి పొదలా పెంచుతారు కాబట్టి, వాకిట్లో గుండ్రంగా కత్తిరించినా కోపం తెచ్చుకోదు. ఎర్రటి చిగుళ్లు వచ్చినప్పుడు ఆ గుబురు లారెల్ కంటే అందంగా ఉంటుందని నా అభిప్రాయం. దీనికీ నీళ్లు నిలవకూడదు, అయితే అరుగు పక్కన కాస్త ఎత్తుగా మట్టి పోసి నాటితే చాలు, మోసే బాధ లేదు.

మొదటి నర్సరీకి తిరిగెళ్లి, కాండం నిటారుగా ఉన్న రెండు దాల్చిన మొక్కలు ఏరుకున్నాను. ప్యాకెట్ అడుగు చింపి వేరు చుట్టలు తిరిగి ఉందేమో చూసి మరీ ఇచ్చాడాయన. లారెల్ సంగతి అడిగితే, ‘‘అదా అండి, ఇప్పుడొద్దు. తీసుకెళ్లిన వారానికే వానలు పట్టుకుంటాయి. అంత ముచ్చటగా ఉంటే కార్తీకంలో రండి, చలి తగిలాక ఒకటి ఇస్తాను, మేడమీద పెట్టుకుందురు గాని. వనభోజనాలకి ఎలాగూ ఇటే వస్తారుగా’’ అంటూ రసీదు రాశాడు.

ఒకటి కొంటాననుకుంటున్నాను, మా ఇంటి మేడ మీదకి. అన్నయ్యావాళ్లకి మాత్రం దాల్చినే.